కూలుంబ్ ఎరుగని కూలుంబ్

ఈ వ్యాసం నా తప్పుతోనే మొదలుపెట్టాలి. బి.ఎస్సీ. మొదటి సంవత్సరంలో ఫిజిక్సు స్లిప్ టెస్టు పెట్టారు. రెండు బెండు బంతుల మీద ఒక్కొక్క స్థిర విద్యుత్ ప్రమాణం చొప్పున సజాతి ఆవేశం ఉంది, వాటి మధ్య దూరం ఒక సెంటీమీటరు, వికర్షణ బలమెంత అన్నది ప్రశ్న. సి.జి.ఎస్. పద్ధతిలో చూస్తే జవాబు ఒక డైను. కళ్ళు మూసుకుని రాయాల్సిన జవాబు. నేను మాత్రం ఆవేశం అనగానే కూలుంబ్ అనుకుని, కొత్త పద్ధతి సూత్రంలో అంకెలు పెట్టి, చక్కగా గుణించి, 9 × 10¹³ న్యూటన్లని రాసి కింద రెండు గీతలు కూడా గీశాను.

మా లెక్చరరుగారు పేపరు మీద ఎర్ర సిరా పెట్టలేదు. ఆ బలాన్ని టన్నుల బరువులోకి మార్చుకుని రమ్మన్నారు, అంతే. హాస్టల్లో కూర్చుని లెక్క వేస్తే సుమారు 918 కోట్ల టన్నులు తేలింది! రావలసిన జవాబు ఒక డైను, అంటే ఇంచుమించు ఒక మిల్లీగ్రాము బరువు. ఒక నూకగింజ కూడా తూగని బలాన్ని నేను కొండల బరువు చేసి కూర్చున్నాను. మర్నాడు క్లాసంతా నవ్వింది, నేనూ నవ్వాను. కానీ నవ్వు అయిపోయాక ఒక సందేహం మిగిలింది. బెండు బంతులతో ప్రయోగం చేసిన మనిషి పేరు మీద ఉన్న ప్రమాణం, బెండు బంతికి ఎందుకింత సరిపడకుండా పోయింది? ఆ సందేహమే నన్ను ఆయన జీవితం చదివించింది. చదివింది మీతో పంచుకోవడానికే ఈ నాలుగు పేజీలు.

ఛార్లెస్ ఆగస్టిన్ కూలుంబ్ 1736 జూన్ 14న ఫ్రాన్సులోని అంగులేమ్ పట్టణంలో పుట్టాడు. ఫ్రెంచివాళ్ళు ఆ పేరును కూలోం అని పలుకుతారు. మనకు అలవాటైన కూలుంబే ఇక్కడ వాడుతున్నాను. తండ్రి రాజుగారి భూముల వ్యవహారాలు చూసే చిన్న ఉద్యోగి. కుటుంబం పారిస్‌కు మారింది. అక్కడ తండ్రి ఏవో వ్యాపార జూదాల్లో డబ్బు పోగొట్టుకుని దక్షిణాన ఉన్న మోంపెల్యేకి వెళ్ళిపోయాడు. తల్లి పారిస్‌లోనే ఉండి కొడుకును డాక్టరును చెయ్యాలని పట్టుబట్టింది. కొడుకు మనసేమో లెక్కల మీద. ఇద్దరికీ చెడింది. ఇక తల్లి అండ లేక కుర్రవాడు తండ్రి దగ్గరకు చేరాడు. ఏ గ్రూపు చదవాలన్న దానిమీద ఇంట్లో జరిగే యుద్ధాలు మనకు కొత్తేం కాదు గదా! 1757లో, ఇరవయ్యొకటో ఏట, మోంపెల్యే శాస్త్ర సంఘంలో సభ్యుడయ్యాడు. అయితే శాస్త్రం అప్పట్లో అన్నం పెట్టేది కాదు. 1760లో మేజియేర్ సైనిక ఇంజనీరింగు పాఠశాలలో చేరి, 1761 చివరికి ఇంజనీరుగా బయటకు వచ్చాడు.

1764లో ఆయన్ని మార్టినీక్ దీవికి పంపారు. అట్లాంటిక్ సముద్రానికి అవతల, చెరకు తోటలూ వాటిల్లో చాకిరీ చేసే బానిసలూ ఉన్న ఫ్రెంచి వలస దీవి అది. రెండేళ్ళ క్రితమే ఇంగ్లీషువాళ్ళు దాన్ని పట్టుకుని, 1763 సంధిలో మళ్ళీ వదిలిపెట్టారు. ఇంకోసారి పోకుండా కొండ మీద ఒక కోట కట్టాలి. ఆ కోటే ఫోర్ట్ బూర్బోన్. అనుభవం లేని కుర్ర ఇంజనీరు మీద వందలమంది పనివాళ్ళ భారం పడింది. 1772 వరకు, ఎనిమిదేళ్ళు, ఎండా జ్వరాల మధ్య ఆయన అక్కడే మగ్గిపోయాడు. ఎన్నోసార్లు జబ్బుపడ్డాడు. పోయిన ఆరోగ్యం మళ్ళీ పూర్తిగా తిరిగి రాలేదు.

కానీ ఆ ఎనిమిదేళ్ళూ ఉత్తగా పోలేదు. గోడ ఎంత మందం ఉంటే వెనకనున్న మట్టి ఒత్తిడికి ఆగుతుంది? రాతి స్తంభం ఎక్కడ విరుగుతుంది? పుస్తకాల్లో దొరకని ఈ ప్రశ్నలకు ఆయనే జవాబులు వెతుక్కున్నాడు. తిరిగొచ్చాక 1773లో పారిస్ సైన్స్ అకాడమీ ముందు వాటిని పత్రంగా చదివాడు. మట్టిని ఆపే గోడల లెక్కల్లో సివిలింజనీర్లు నేటికీ కూలుంబ్ పేరు తలుస్తారు.

మరో విషయం నన్ను మరీ ఆకట్టుకుంది. మనిషి రోజంతా ఎంత పని చెయ్యగలడో ఆయన కొలిచాడు! మెట్లెక్కేవాణ్ణి, బరువు మోసేవాణ్ణి, ఒంటి చక్రం బండి తోసేవాణ్ణి, పారతో మట్టి తవ్వేవాణ్ణి చూసి లెక్కలు కట్టాడు. కాసేపు వేగంగా చేయించి, దాన్ని పెంచి రోజు పని అనుకోవడం తప్పని తేల్చాడు. రోజంతా చూసి కొలవాలి, మధ్యమధ్య అలుపు తీర్చుకునే వేళ కూడా అందులో భాగమే అన్నది ఆయన చూపు. మార్టినీక్ వేడిలో మనుషులు ఫ్రాన్సులో చేసినదాంట్లో సగం పని కూడా చెయ్యలేరని గమనించాడు. నాట్లప్పుడు, కోతలప్పుడు పొలంలో నిలబడ్డ ఎవరికైనా ఇది తెలిసిన సంగతే. కానీ అకాడమీ పండితుల్లో ఎందరికి తెలుసు?

ఫ్రాన్సు తిరిగొచ్చాక ఊరూరా బదిలీలే. ఉద్యోగం చేస్తూనే ప్రయోగాలు. దిక్సూచి సూదిని ఎలా తయారుచెయ్యాలన్న విషయం మీద 1777లో అకాడమీ బహుమతిని హాలెండు శాస్త్రజ్ఞుడు వాన్ స్విన్డెన్‌తో పంచుకున్నాడు. సూదిని మొన మీద నిలపకుండా సన్నటి దారంతో వేలాడదియ్యమన్నాడు కూలుంబ్. అక్కడ మొదలైంది ఆయనకు దారం మెలిక మీద ధ్యాస. 1779 నుంచి రోష్‌ఫోర్ ఓడల కార్ఖానాలో చెక్క మీద చెక్క, ఇనుము మీద ఇనుము లాగించి ఘర్షణను కొలిచాడు. దానికి 1781లో పెద్ద బహుమతి వచ్చింది. ఆ సంవత్సరమే అకాడమీ సభ్యత్వం కూడా దక్కింది. పల్లెలూ కోటలూ ఓడరేవులూ తిరిగిన ఇంజనీరు, నలభై అయిదేళ్ళకు పారిస్‌లో కుదురుకున్నాడు.

కుదురుకున్నాడే గాని లొంగిపోలేదు. 1783లో బ్రిటనీ ప్రాంతంలో కాలువలు తవ్వే పథకాన్ని పరిశీలించమన్నారు. ఖర్చుకు తగ్గ ఫలితం రాదని ఉన్నదున్నట్టు రాశాడు. పెద్దలకు కోపం వచ్చింది. ఏవో కారణాలు చూపి వారం రోజులు జైల్లో పెట్టారు. తర్వాత అదే ప్రాంతం వాళ్ళు ఆయన నిజాయితీ గుర్తించి డబ్బు ఇవ్వబోతే వద్దని, సెకన్ల ముల్లున్న గడియారం ఒక్కటి మాత్రం పుచ్చుకున్నాడని జీవితచరిత్రకారులు చెబుతారు. ఆయన స్వభావానికి తగ్గ కానుక.

ఇక అసలు కథ. 1784లో లోహపు తీగ మెలికను గురించి పత్రం రాశాడు. తీగను మెలితిప్పితే అది తిరిగి విప్పుకోవడానికి చేసే బలం, తిప్పిన కోణానికి అనులోమంగా ఉంటుందని తేల్చాడు. అంటే తీగే ఒక త్రాసు అయింది! ఎంత చిన్న బలాన్నయినా డిగ్రీల్లో చదువుకోవచ్చు. 1785లో దానితో విద్యుత్తును తూచాడు.

ఆ పరికరాన్ని ఊహించుకోండి. ఒక వెడల్పాటి గాజు స్తూపం. దాని మూత మీద నిలువుగా సన్నటి గాజు గొట్టం. గొట్టం పైనుంచి వెంట్రుకలాంటి వెండి తీగ వేలాడుతుంది. తీగ అడుగున అడ్డంగా లక్క పట్టించిన పట్టుదారపు పుల్ల, దాని చివర బెండు బంతి. ఆ బంతికి ఆనుకుని, కదలకుండా మరో బెండు బంతి. రెండింటికీ ఒకేసారి ఆవేశం ఇస్తే అవి తోసుకుని దూరమవుతాయి. మొదటిసారి 36 డిగ్రీల దూరంలో ఆగాయి. తీగ మెలిక 36 డిగ్రీలు. తర్వాత పైనుంచి తీగను 126 డిగ్రీలు తిప్పి బంతుల్ని దగ్గరకు తెస్తే, 18 డిగ్రీల దగ్గర ఆగాయి. మొత్తం మెలిక 126, 18 కలిపి 144. దూరం సగమైంది, బలం నాలుగింతలైంది! మూడోసారి 567 డిగ్రీలు తిప్పితే దూరం ఎనిమిదిన్నర, మొత్తం మెలిక 575న్నర. బలం పదహారింతలు కావాలంటే 576 రావాలి. దూరం మాత్రం 9 ఉండాల్సింది, ఎనిమిదిన్నరే వచ్చింది. ఆ తేడాను ఆయన కప్పిపుచ్చలేదు. ఆవేశం కొంత గాలిలోకి జారిపోతుందని చెప్పి, ఆ జారుడునే విడిగా మరో పత్రంలో కొలిచాడు. రికార్డు బుక్కులో జవాబు కుదిరేలా రీడింగులు సర్దే మనబోటివాళ్ళం ఈ ఎనిమిదిన్నరను గుర్తుపెట్టుకోవాలి.

ఇదే విలోమ వర్గ నియమం. ఇంగ్లండులో కావెండిష్ అంతకు ముందే మరో దారిన ఇదే నియమానికి చేరినా, ప్రకటించకుండా కాగితాల్లోనే ఉంచేశాడు. అవి 1879లో గాని అచ్చు కాలేదు. కాబట్టి నియమానికి కూలుంబ్ పేరే నిలిచింది.

ఇక్కడే నా సందేహానికి సగం జవాబు దొరికింది. ఈ ప్రయోగం మొత్తంలో కూలుంబ్ ఏ ప్రమాణంలోనూ ఆవేశాన్ని చెప్పలేదు. చెప్పడానికి అప్పుడు ప్రమాణమే లేదు. సగం, పావు, నాలుగింతలు అన్న నిష్పత్తులతోనే పని జరుపుకున్నాడు. ఆవేశం ఉన్న బంతిని అంతే సైజున్న ఉత్త బంతికి తాకిస్తే చెరి సగం అవుతుంది. అంతే ఆయనకు తెలిసిన కొలత. ఒక కూలుంబ్ అంటే ఎంతో కూలుంబ్‌కు తెలియదు!

1789లో ఫ్రెంచి విప్లవం వచ్చింది. 1791లో ఆయన సైనికోద్యోగం వదిలేశాడు. ఆ రోజుల్లో ఫ్రాన్సులో ఊరికో మూర, ఊరికో మానిక. పేరొకటే, కొలత వేరు. రైతు శిస్తు కొలిచి ఇచ్చేటప్పుడు ఎవరి మానికతో కొలవాలన్నది పెద్ద తగువు. దేశమంతటికీ ఒకే కొలత కావాలని విప్లవ ప్రభుత్వం తూనికలు కొలతల సంఘం పెట్టింది. అందులో లేవోయిజర్, లాప్లాస్, బోర్డాలతోపాటు కూలుంబ్ కూడా ఉన్నాడు.

ఈ తగువు ఎంతటిదో మా ఇంట్లోనే చూశాను. మాది కృష్ణా జిల్లా వైపు ఊరు, మా అమ్మ పుట్టిల్లు ఖమ్మం వైపు. మేం పొలాన్ని సెంట్లలో చెబుతాం, వాళ్ళు గుంటల్లో. ఎకరానికి వంద సెంట్లు, నలభై గుంటలు. మా తాతయ్య పసుపు కుంకుమ కింద అమ్మకు ఇరవై ఇస్తానన్నాడు. ఇరవై ఏమిటో ఆయన చెప్పలేదు, మావాళ్ళు అడగలేదు. మా నాయనమ్మ ఇరవై సెంట్లనుకుని, ఆ చెక్క ఇచ్చినా ఒకటే ఇవ్వకపోయినా ఒకటేనని రెండేళ్ళు అమ్మను దెప్పుతూనే ఉంది. తీరా కాగితం చేతికొచ్చాక చూస్తే ఇరవై గుంటలు, అరెకరం! అంకె మారలేదు. పక్కనున్న మాట తెలియక రెండేళ్ళు మా అమ్మ కంట నీరు పెట్టుకుంది.

ఆ సంఘంలో కూలుంబ్ ఎక్కువ కాలం నిలవలేదు. 1793లో అకాడమీనే రద్దు చేశారు. ఆ డిసెంబరులో, కొత్త ప్రభుత్వం మీద తగినంత భక్తి లేదన్న అనుమానంతో కొందర్ని తూనికల సంఘం నుంచి తీసేశారు. లేవోయిజర్, లాప్లాస్, బోర్డా, కూలుంబ్ అందరూ ఆ జాబితాలో ఉన్నారు. కూలుంబ్ మిత్రుడు బోర్డాతో కలిసి బ్లువా దగ్గర తన చిన్న ఎస్టేటుకు వెళ్ళి తలదాచుకున్నాడు. అప్పటికే జైల్లో ఉన్న లేవోయిజర్‌ను 1794 మే 8న తల నరికి చంపారు. కొలతలు సరిచెయ్యడం కూడా ప్రాణం మీదకు వచ్చిన రోజులవి.

గాలి మళ్ళాక 1795లో కొత్తగా ఏర్పడ్డ ఫ్రాన్స్ ఇన్‌స్టిట్యూట్‌లో కూలుంబ్ సభ్యుడయ్యాడు. 1802లో విద్యాశాఖ ఇన్‌స్పెక్టరుగా నియమితుడై, పాడైన ఆరోగ్యంతోనే ఊళ్ళు తిరిగి హైస్కూళ్ళు నెలకొల్పడంలో సాయపడ్డాడు. 1801లో వోల్టా పారిస్ వచ్చి తన బ్యాటరీని నెపోలియన్ ఎదుట ప్రదర్శించాడు. ఆగకుండా పారే విద్యుత్తు యుగం అలా కూలుంబ్ కళ్ళముందే మొదలైంది. ఆయనది మాత్రం నిలిచిన విద్యుత్తు యుగం. 1806 ఆగస్టు 23న పారిస్‌లో కన్నుమూశాడు.

ఆయన పోయాక ఆవేశానికి రెండు వైపులనుంచి ప్రమాణాలు పుట్టాయి. ఒకటి కూలుంబ్ త్రాసు దారిది. ఒక సెంటీమీటరు దూరంలో ఒక డైను బలంతో తోసుకునే ఆవేశమే ఒక స్థిర విద్యుత్ ప్రమాణం. రెండోది అయస్కాంతాన్ని కదిల్చే కరెంటు దారిది, విద్యుదయస్కాంత ప్రమాణం. ఆవేశం ఒకటే, కొలిచే మానికలు రెండు. ఒకదాన్నుంచి ఇంకోదానికి ఎలా మారాలి?

1856లో జర్మనీలో వెబర్, కోల్‌రౌష్ ఆ పని చేసి చూపించారు. ఒక లీడెన్ జాడీలో ఆవేశం నింపి, అందులో తెలిసిన భాగాన్ని కూలుంబ్ తరహా మెలిక త్రాసులో తూచారు. మిగతాది తీగ గుండా పారించి అయస్కాంత సూది ఎంత కదిలిందో చూశారు. ఒక విద్యుదయస్కాంత ప్రమాణానికి ఎన్ని స్థిర విద్యుత్ ప్రమాణాలు? ఆ నిష్పత్తి వేగం రూపంలో తేలింది. సెకనుకు సుమారు 3,10,000 కిలోమీటర్లు. ఫీజో 1849లో కొలిచిన కాంతి వేగానికి చాలా దగ్గర! మాక్స్‌వెల్ ఈ రెండు అంకెల్నీ పక్కపక్కన పెట్టి చూసి, కాంతి విద్యుదయస్కాంత తరంగమేనన్న నిర్ణయానికి 1862 నాటికి వచ్చాడు. ప్రమాణాలు మార్చే లెక్క కాంతి రహస్యం బయటపెట్టింది. టెస్టులో నేను తప్పుచేసిన ఆ 3 × 10⁹ వెనక ఉన్నది సాక్షాత్తూ వెలుతురు!

1881లో పారిస్‌లో అంతర్జాతీయ విద్యుత్ మహాసభ జరిగింది. ఒక ఆంపియరు కరెంటు ఒక సెకనులో మోసుకుపోయే ఆవేశానికి కూలుంబ్ అని పేరు పెట్టారు. ఆయన అకాడమీలో అడుగుపెట్టి సరిగ్గా నూరేళ్ళు, పోయి డెబ్భయ్యయిదేళ్ళు. చమత్కారమేమంటే ఆ ప్రమాణం ఆయన త్రాసు దారిన రాలేదు, పారే కరెంటు దారిన వచ్చింది. అందుకే బెండు బంతికి అంత పెద్దదైంది. నా సందేహంలో మిగిలిన సగానికి ఇదే జవాబు.

పరీక్షలకు చదువుకునే తమ్ముళ్ళ కోసం మార్పిడులన్నీ ఒకచోట చెబుతాను. ఒక విద్యుదయస్కాంత ప్రమాణం అంటే 10 కూలుంబులు. ఒక కూలుంబ్‌కు దాదాపు 2.998 × 10⁹ స్థిర విద్యుత్ ప్రమాణాలు. ఇక్కడ సమానమనేకంటే సరిపోలుతుందనడం సరి. పాత పద్ధతిలో ఆవేశాన్ని బలం, దూరాల నుంచే పుట్టించారు గనక రెండు పద్ధతుల్లో దాని మితులే వేరు. ఒక ఆంపియర్-అవర్‌కు 3,600 కూలుంబులు. కెమిస్ట్రీవాళ్ళ ఒక ఫారడేకి సుమారు 96,485 కూలుంబులు. ఇక 2019 మే 20 నుంచి ప్రపంచమంతా ఎలక్ట్రాన్ ఆవేశ పరిమాణాన్ని 1.602176634 × 10⁻¹⁹ కూలుంబులని స్థిరపరచుకుంది. కాబట్టి ఒక కూలుంబ్‌లో దాదాపు 6.24 × 10¹⁸ ఎలక్ట్రాన్ల ఆవేశం ఉంటుంది. నా బెండు బంతి మీది ఒక స్థిర విద్యుత్ ప్రమాణంలో సుమారు 208 కోట్ల ఎలక్ట్రాన్లది.

మరి 75 ఆంపియర్-అవర్ల ట్రాక్టరు బ్యాటరీలో 2,70,000 కూలుంబులుంటే అది పేలిపోదేం అని మీరడగొచ్చు. అది పోగుపడ్డ ఆవేశం కాదు. ఒక కొసన ఎంత బయటకు పోతే రెండో కొసన అంత తిరిగి వస్తుంది. బోరు నీళ్ళు రోజంతా కాలువలో పారితే ఎంత అవుతాయన్న లెక్క వేరు, ఆ నీళ్ళన్నీ ఒక్క మడిలో నిలవడం వేరు.

ఆ స్లిప్ టెస్టు పేపరు ఇప్పటికీ నా దగ్గరుంది. 9 × 10¹³ కింద నేను గీసిన రెండు గీతలూ అలాగే ఉన్నాయి. అంకె ఎంత శుభ్రంగా వేసినా, పక్కనున్న మాట పోల్చుకోకపోతే మిల్లీగ్రాము కొండవుతుంది, అరెకరం చెక్క అవుతుంది. కూలుంబ్ తన పేరు మీది ప్రమాణాన్ని చూడలేదు. ఎనిమిదిన్నరను తొమ్మిదని రాయని ఆయన చెయ్యి మాత్రం ఆ ప్రమాణానికి తగినది. లాబులో తీగ మెలిక చదివేటప్పుడల్లా నాకు ఆ చెయ్యే గుర్తొస్తుంది.